అమ్మ మోకాలి మార్పిడి: ఆసుపత్రి కొటేషన్ చేతిలో ఉంది, చేరేలోపు ఏమేం తేల్చుకోవాలి?

పాలేరు_అబ్బాయి

అమ్మకు 71 ఏళ్లు, ఖమ్మంలో ఉంటుంది. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయిందనీ, ముందు కుడి మోకాలు మార్పించమనీ డాక్టరు చెప్పారు. బీపీ, షుగర్ రెండింటికీ మాత్రలు వాడుతోంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు ఒక కాలికి 2,40,000 ప్యాకేజీ అని కాగితం మీద రాసిచ్చారు. కింద చిన్న అక్షరాల్లో ‘ఇంప్లాంట్ రకాన్ని బట్టి, గదిని బట్టి మారును’ అని ఉంది (ఇంప్లాంట్ అంటే లోపల అమర్చే కృత్రిమ కీలు).

అమ్మ పేరు మీద 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది, తీసుకుని నాలుగేళ్లు దాటింది. గది అద్దె రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం, కో-పే (ఒప్పుకున్న క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వాటా) 20 శాతం. తెల్లకార్డు లేదు.

నాకు తెలియాల్సినవి: ఏ గది తీసుకోవాలి? ఇంప్లాంట్‌కు ఎంత వరకు అడగొచ్చు? 70 దాటినవాళ్లకు ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఇందులో పనికొస్తుందా? క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) ఎక్కడ ఆగిపోతుంది? సరిగ్గా తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

క్లెయిమ్_డెస్క్

ముందు గది సంగతి తేల్చేద్దాం. ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది అక్కడే.

మీ పాలసీలో గదికి రోజుకు 5,000 వరకే ఇస్తారు. 8,000 గది తీసుకుంటే రోజుకు 3,000 మన చేతి నుంచి పెట్టుకుంటే సరిపోతుందని అందరూ అనుకుంటారు. లెక్క అలా ఉండదు. గది ఖరీదును బట్టి మారే ఖర్చులన్నీ, అంటే సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్, ఇవన్నీ అదే నిష్పత్తిలో కోస్తారు. ఎనిమిదిలో ఐదు వంతులే, అంటే 62.5 శాతమే ఇస్తారు.

ఉదాహరణకు నాలుగు రోజులు ఉన్నారనుకోండి. 8,000 గదికి 32,000, సర్జన్, థియేటర్ వగైరా 1,20,000, ఇంప్లాంట్ 60,000, మందులు, పరీక్షలు, సామగ్రి 45,000. మొత్తం బిల్లు 2,57,000. ఇందులో కంపెనీ ఒప్పుకునేది గదికి 20,000, సర్జన్ వగైరాకు 75,000, ఇంప్లాంట్ 60,000, మందులూ సామగ్రిలో గ్లవ్స్, డైపర్లు లాంటి చెల్లించని వస్తువులు ఓ 6,000 తీసేస్తే 39,000. వెరసి 1,94,000. దాని మీద కో-పే 38,800 పోగా కంపెనీ కట్టేది 1,55,200. మీ చేతి నుంచి 1,01,800.

అదే 5,000 గది అయితే సర్జన్ వగైరా చార్జీలు కూడా కాస్త తగ్గుతాయి, 1,05,000 అనుకుందాం. బిల్లు 2,30,000. కంపెనీ 1,79,200 కడుతుంది, మీకు పడేది 50,800. రోజుకు 3,000 తేడా ఉన్న గది, నాలుగు రోజులకు 51,000 తేడా తెచ్చింది. పైగా రోజుకు 5,000 దాటిన గది మీద 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది (ఐసీయూకి లేదు). పై లెక్కలో అది కలపలేదు.

రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. మందులు, సామగ్రి, ఇంప్లాంట్, పరీక్షల మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదు, ఐసీయూ చార్జీల మీదా వేయకూడదు. 2020లో వచ్చిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఇది. గదిని బట్టి రేట్లు మారని ఆసుపత్రిలో అయితే అసలు ఈ కోతే ఉండదు. సెటిల్‌మెంట్ కాగితంలో మొత్తం బిల్లు మీద కోత వేసినట్టు కనబడితే వెంటనే ప్రశ్నించండి. ‘మీరు చెప్పిన గది ఖాళీ లేదు, పై గదిలో చేరండి’ అని ఆసుపత్రివాళ్లు అంటే, పాత గది రేటుకే బిల్లు వేస్తామని రాయించుకుని చేరండి. నోటిమాట బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలవదు.

ఇక ప్యాకేజీ. 2,40,000 అనేది నగదు రోగులకు చెప్పే రేటు అయి ఉంటుంది. నెట్‌వర్క్ ఆసుపత్రికీ మీ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య ఒప్పందపు రేటు వేరే ఉంటుంది, చాలాసార్లు తక్కువే. ఇన్సూరెన్స్ డెస్క్‌కు వెళ్లి ‘మా పాలసీకి ఈ సర్జరీ ఒప్పందపు రేటు ఎంత, అందులో ఇంప్లాంట్ కలిసిందా, ఎన్ని రోజులు, ఫిజియోథెరపీ కలిసిందా’ అని అడగండి. ఒప్పందపు రేటులో కలిసి ఉన్న దానికి మళ్లీ మీ దగ్గర తేడా వసూలు చేయకూడదు.

పాలసీ కాగితంలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. కీళ్ల మార్పిడికి విడిగా పరిమితి ఉందా (కొన్ని పాలసీల్లో ఒక మోకాలికి ఇంత అని ఉంటుంది), నిరీక్షణ కాలం ఎంత. కీళ్ల మార్పిడికి సాధారణంగా రెండేళ్లు ఉంటుంది. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లు. మీకు రెండూ దాటిపోయినట్టే. పాలసీతో ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో ఇవన్నీ ఉంటాయి, తెలుగులో కావాలని కంపెనీని అడగొచ్చు.

క్యాష్‌లెస్ ఆగేది ఎక్కువగా ఒక్క వాక్యం దగ్గర: ‘మోకాళ్ల నొప్పులు 10 ఏళ్లుగా’. కేస్ షీట్‌లో డ్యూటీ డాక్టరు అలా రాసేస్తారు. పాలసీ నాలుగేళ్లదే కాబట్టి, ముందే ఉన్న జబ్బును దాచారని కంపెనీ ప్రశ్న వేస్తుంది. ఐదేళ్లు నిండిన పాలసీలో మోసం అని నిరూపిస్తే తప్ప ఆ కారణం చూపి కొట్టేయలేరు, మీకింకా ఐదేళ్లు నిండలేదు. అబద్ధం చెప్పించమని కాదు, ఆ పని అస్సలు చేయొద్దు. అమ్మగారికి నొప్పి ఎప్పుడు మొదలైందో, మొదటిసారి డాక్టరుకు ఎప్పుడు చూపించారో పాత చీటీలు చూసి సరైన నెల, సంవత్సరం మీరే చెప్పండి. అంచనాగా ‘చాలా ఏళ్లనుంచి’ అనకండి. బీపీ, షుగర్ పాలసీ తీసుకునేటప్పుడు ఫారంలో రాశారో లేదో ప్రపోజల్ ఫారం కాపీ తెప్పించి ఇప్పుడే చూసుకోండి.

ముందే అనుకున్న ఆపరేషన్ కాబట్టి చేరడానికి రెండు మూడు రోజుల ముందే ప్రీ-ఆథ్ (కంపెనీని ముందస్తు అనుమతి అడిగే అర్జీ) పంపించండి. దానితో నిలబడి తీసిన ఎక్స్‌రే, రిపోర్టు, డాక్టరు సలహా చీటీ, పాత చికిత్స కాగితాలు జతచేస్తే ప్రశ్నలు తగ్గుతాయి. పూర్తి కాగితాలు అందాక గంటలో జవాబు ఇవ్వాలని 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ చెప్తోంది. మొదట వచ్చే ఆమోదం మొత్తం చూసి కంగారుపడకండి, చివరి బిల్లు పంపాక పెంచుతారు. క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిమ్ తిరస్కరించినట్టు కాదు. ముందు మనమే కట్టేసి, ఆ డబ్బు తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకునే హక్కు అలాగే ఉంటుంది.

కోఠీ_ఫార్మసీ

ఇంప్లాంట్ గురించి నేను చెప్తాను. మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. మామూలు కోబాల్ట్ క్రోమియం సెట్‌కు 54,720, టైటానియం లేదా ఆక్సిడైజ్డ్ జిర్కోనియం లాంటి ప్రత్యేక లోహాల సెట్‌కు 76,600. జీఎస్టీ అదనం. తర్వాత ఆ నియంత్రణను పొడిగిస్తూ వచ్చారు, ధరలను కూడా సవరిస్తారు. చేరే ముందు కేంద్ర మందుల ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ వెబ్‌సైట్‌లో ఆ రోజు ధర చూసుకోండి. మందుల ధరలకు ‘ఫార్మా సహీ దామ్’ యాప్ ఉంది. ఎక్కువ తీసుకుంటే ఫిర్యాదుకు ఎన్‌పీపీఏ టోల్‌ఫ్రీ 1800 111 255.

‘గోల్డ్ మోకాలు’, ‘ముప్పై ఏళ్ల మోకాలు’ అంటూ లక్షన్నర, రెండు లక్షలు చెప్తే లొంగకండి. పేరు ఏదైనా అది ఏ లోహమో అడగండి, గరిష్ఠ ధర ఎక్కువగా లోహాన్ని బట్టే. ధర పెంచలేని చోట కొన్ని ఆసుపత్రులు ఇంప్లాంట్ రేటును హద్దులోనే చూపించి, థియేటర్ చార్జీలో, ‘ప్రత్యేక పరికరాల’ చార్జీలో ఆ తేడా కలుపుతాయి. అందుకే ఇంప్లాంట్ ఒక్కటే కాకుండా మొత్తం బిల్లు అంచనా వరుసలవారీగా రాయించుకోవాలి.

బిల్లులో ఇంప్లాంట్ కంపెనీ పేరు, బ్రాండు, బ్యాచ్ నంబరు, ధర విడిగా ఉండాలి. డబ్బా మీద ఉండే స్టిక్కర్లు కేస్ షీట్‌లో అంటిస్తారు, ఒక సెట్ మీకూ ఇవ్వమనండి. ఇన్సూరెన్స్ కంపెనీ ఇంప్లాంట్ ఇన్‌వాయిస్, స్టిక్కరు లేకుండా ఆ మొత్తం ఆపేస్తుంది. పదేళ్ల తర్వాత ఎప్పుడైనా మళ్లీ ఆపరేషన్ అవసరమైతే ఆ డాక్టరుకూ ఆ స్టిక్కరే ఆధారం.

వార్డులో మందుల గురించి. ఇండెంట్ (వార్డు నుంచి ఫార్మసీకి వచ్చే మందుల చీటీ) మీద రోజూ మందులు పైకి వెళ్తుంటాయి, అన్నీ వాడరు. రోజూ సాయంత్రం ఫార్మసీ బిల్లు ప్రింటు తీసుకుని, సీల్ విప్పని స్ట్రిప్పులు, ఇంజెక్షన్లు, ఐవీ సెట్లు వాపసు ఇప్పించండి. డిశ్చార్జ్ రోజు ఒకేసారి అడిగితే హడావిడిలో వదిలేస్తారు. బిల్లులో ‘రిటర్న్’ అని మైనస్ వరుస కనబడాలి.

ఇంటికి వచ్చాక వాడే మందుల్లో పారాసిటమాల్, పాంటోప్రజోల్, బీపీ, షుగర్ మాత్రలు జనౌషధి కేంద్రంలో చాలా తక్కువకు దొరుకుతాయి. చీటీలో బ్రాండు పేరుంటే కింద మందు అసలు పేరు, మోతాదు రాయమని డాక్టరును అడగండి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 500 అని ఉన్నచోట మామూలుది, నెమ్మదిగా విడుదలయ్యేది రెండూ ఒకటి కావు, పెట్టె మీద ఎస్ఆర్ అనే అక్షరాలు చూసుకోండి. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మందు ఒక్కటి మాత్రం డబ్బు కోసం ఆపడం, మార్చడం చేయకూడదు. అది ఎన్ని రోజులు వాడాలో డిశ్చార్జ్ చీటీలో తేదీతో రాయించుకోండి.

వాకర్‌కు ఇన్సూరెన్స్ రాదు. ఆసుపత్రి బిల్లులో వేయించుకోకుండా కోఠీలోనో, ఖమ్మంలోనో సర్జికల్ షాపులో ముందే కొనండి. అమ్మగారి ఎత్తుకు సరిచేసి ఇస్తారు.

నడక_ఫిజియో

డబ్బు లెక్కల మధ్య ఒక మాట. రెండో అభిప్రాయం తీసుకున్నారా? ఇంకో ఆర్థోపెడిక్ సర్జన్‌కు కన్సల్టేషన్ ఫీజు మాత్రమే ఖర్చు. నిలబడి తీసిన ఎక్స్‌రేలో ఎముకకు ఎముక ఆనుకుని ఉండి, రాత్రి నొప్పికి నిద్ర పట్టక, ఇంట్లో పనులకు కూడా నడవలేకపోతుంటే మార్పిడి సరైనదే. ఎక్స్‌రేలో అంత అరుగుదల లేకపోతే బరువు తగ్గడం, తొడ కండరాల వ్యాయామాలతో వాయిదా వేయొచ్చు. పడుకుని తీసిన ఎక్స్‌రే చూసి నిర్ణయం తీసుకోవద్దు, కీళ్ల మధ్య ఖాళీ అందులో సరిగా తెలియదు.

ఆపరేషన్ చివరి నిమిషంలో వాయిదా పడే కారణాలు ఇవి: షుగర్ అదుపులో లేకపోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, పుచ్చిన పన్ను, కాలి మీద పుండు, రక్తం తక్కువ. చేరాక ఇవి బయటపడితే రెండు రోజుల గది అద్దె వృథా. నెల ముందే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), మూత్ర పరీక్ష చేయించండి. హెచ్‌బీఏ1సీ 8 దాటి ఉంటే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు, ఇన్ఫెక్షన్ భయం వల్ల. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఐరన్‌తో సరిచేయడానికి ఆ నెల పనికొస్తుంది, రక్తం ఎక్కించాల్సిన అవసరం తప్పొచ్చు. బయటి ల్యాబ్ రిపోర్టు ఒప్పుకుంటారా అని ముందే అడగండి, లేకపోతే అన్నీ మళ్లీ చేస్తారు.

వ్యాయామాలు ఆపరేషన్‌కు ముందే నేర్పించండి. తర్వాత మొదటి ఆరు వారాల్లో మోకాలు 90 డిగ్రీలు దాటి మడవకపోతే, పూర్తిగా చాచలేకపోతే కీలు బిగుసుకుపోతుంది. మళ్లీ మత్తు ఇచ్చి వంచాల్సి వస్తుంది, ఆ ఖర్చు వేరు. ఇంటికి వచ్చే ఫిజియోకు ప్రతిసారీ రసీదు తీసుకోండి. డిశ్చార్జ్ చీటీలో ‘ఫిజియోథెరపీ ఇన్ని వారాలు’ అని డాక్టరు రాస్తేనే, డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చు కింద మీ పాలసీ ఇస్తుంది. రాయకపోతే రూపాయి రాదు.

ఒకేసారి రెండు మోకాళ్లు చేయిస్తే గది, మత్తు, థియేటర్ ఖర్చు ఒక్కసారే కాబట్టి మొత్తం తగ్గుతుంది. కానీ 71 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు గుండె మీద భారం ఎక్కువ. ఆ నిర్ణయం డబ్బు చూసి తీసుకోవద్దు, ఎకో (గుండె స్కాన్) రిపోర్టు చూసి సర్జన్, మత్తు డాక్టరు చెప్పాలి.

ఆరోగ్య_సేవకుడు

ఆయుష్మాన్ సంగతి. 2024 అక్టోబరు 29న వయ వందన కార్డు మొదలైంది. 70 నిండితే చాలు, ఆదాయంతో, తెల్లకార్డుతో పని లేదు. ఏడాదికి 5 లక్షల వరకు. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ముందే ఉన్న జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, నిరీక్షణ లేదు. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ ఓటీపీతో చేసుకోవచ్చు, వయసు ఆధార్‌లో ఉన్నదే చూస్తారు. కాబట్టి ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుంటే ముందు అది దిద్దించండి. సందేహాలకు 14555. ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే.

ఇప్పుడు అసలు మెలిక. ఆసుపత్రి పథకంలో ఉన్నంత మాత్రాన మోకాలి మార్పిడికి కూడా ఉన్నట్టు కాదు. ఆసుపత్రులను విభాగాలవారీగా చేర్చుకుంటారు. డయాలసిస్‌కు ఉండి ఆర్థోకు లేని ఆసుపత్రులు ఉంటాయి. కొన్ని ఆపరేషన్లు ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసి ఉంటారు. అందుకని కౌంటర్‌లో ‘ఆయుష్మాన్ ఉందా’ అని కాకుండా, ‘ఈ ఆపరేషన్‌కు ఈ ఆసుపత్రిలో ఈ కార్డు మీద ప్రీ-ఆథ్ పంపగలరా’ అని ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. పథకం కింద చేస్తే ఆ ప్యాకేజీ మీద అదనంగా డబ్బు తీసుకోకూడదు. ఒకే బిల్లులో సగం ఆయుష్మాన్, సగం ప్రైవేటు పాలసీ అని ప్లాన్ వేయకండి. ఒక మోకాలికి పాలసీ, ఇంకో దానికి కార్డు అనుకోవడం తెలివైన దారి.

నిమ్స్‌లో కూడా ఒకసారి చూపించండి. చార్జీలు ప్రైవేటు కన్నా బాగా తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. అమ్మగారిది అత్యవసరం కాదు కాబట్టి ఆ ఎదురుచూపు మీకు భరించదగినదే.

పాలేరు_అబ్బాయి

అందరికీ ధన్యవాదాలండి. పాత చీటీలు తీశాను, ప్రపోజల్ ఫారం కోసం కంపెనీకి మెయిల్ పెట్టాను. ఇంకో మూడు. డాక్టరు రోబోటిక్ (రోబో సాయంతో చేసే ఆపరేషన్) అంటున్నారు, దానికి 60,000 అదనమట. క్యాష్‌లెస్ ఉన్నా 50,000 డిపాజిట్ అడిగారు, అది మామూలేనా? డిశ్చార్జ్ రోజు ఏం చూసుకోవాలి?

క్లెయిమ్_డెస్క్

రోబోటిక్ సర్జరీకి చాలా పాలసీల్లో విడి పరిమితి ఉంటుంది. ప్రీ-ఆథ్‌లో ‘రోబోటిక్’ అని రాసి పంపించి, ఎంత ఇస్తారో మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. అది మీ చేతి నుంచే పోయేట్టయితే, మామూలు పద్ధతిలో చేస్తే ఫలితంలో ఎంత తేడా ఉంటుందో సర్జన్‌ను నేరుగా అడగండి. ఎక్కువ ఆపరేషన్లు చేసిన సర్జన్ చేతికి ఉన్న విలువ ముఖ్యం. నా సలహా అడిగితే మామూలు పద్ధతి చాలు.

డిపాజిట్ చాలాచోట్ల అడుగుతారు. కో-పే, చెల్లించని వస్తువులు కలిపి మీకు 50,000 దాకా పడుతుంది కాబట్టి ఆ మేరకు అర్థం ఉంది. కార్డుతోనో, యూపీఐతోనో కట్టి ‘అడ్వాన్స్’ అని రసీదు తీసుకోండి, చివరి బిల్లులో అది తీసివేశారో లేదో చూడండి. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం ఆసుపత్రికే కుదరదు.

డిశ్చార్జ్ రోజు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఆసుపత్రి లోపలే. డిశ్చార్జ్ సమ్మరీ (చికిత్స వివరాల కాగితం) టైపు కాదు, ఫార్మసీ క్లియరెన్స్ రాదు, బిల్లు కంపెనీకి సాయంత్రం గానీ వెళ్లదు. ముందు రోజు రౌండ్స్‌లో ‘రేపు డిశ్చార్జ్’ అన్న వెంటనే సమ్మరీ డ్రాఫ్టు అడిగి చదవండి. పేరు, వయసు, ఏ కాలు, నొప్పి ఎప్పటినుంచి, ఇవి నాలుగూ తప్పుల్లేకుండా ఉండాలి. కుడికాలు బదులు ఎడమ అని పడితే క్లెయిమ్ ఆగుతుంది, రెండో మోకాలి క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది. బిల్లు అందాక మూడు గంటల్లో కంపెనీ తుది ఆమోదం ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనపు గది అద్దె వేస్తే అది కంపెనీ భరించాలి. అందుకని బిల్లు కంపెనీకి ఎన్ని గంటలకు పంపారో డెస్క్ దగ్గర అడిగి రాసుకోండి.

తీసుకురావాల్సినవి: సంతకం, ముద్ర ఉన్న సమ్మరీ, వరుసలవారీ బిల్లు, రసీదులు, ఇంప్లాంట్ ఇన్‌వాయిస్, స్టిక్కర్లు, ఎక్స్‌రేలు, కంపెనీ తుది ఆమోదపు లేఖ. కేస్ షీట్ కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, రాతపూర్వకంగా అడగండి. చేరడానికి ముందు నెలలో చేసిన పరీక్షలు, తర్వాతి మందులు, ఫిజియో రసీదులు విడిగా రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవాలి, గడువు పాలసీలో చూడండి.

కోత అన్యాయం అనిపిస్తే మొదట కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మెయిల్. జవాబు నచ్చకపోయినా, నెలలో రాకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు తీర్చే అధికారి). మనకు హైదరాబాద్ ఆఫీసే, ఆంధ్రప్రదేశ్‌కూ అదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఫిర్యాదులో కోపం రాయకండి. గది పరిమితి ఎంత, ఏ వరుసలో ఎంత కోశారు, ఏ నిబంధన ప్రకారం అది కోయకూడదు, మీకు ఎంత రావాలి, అని ఒక పట్టికలా పెట్టి, కాగితాల కాపీలకు నంబర్లు వేసి జతచేయండి.

కోఠీ_ఫార్మసీ

ఒకటి మర్చిపోయాను. బిల్లులో ‘ఓటీ కన్స్యూమబుల్స్’ (థియేటర్‌లో వాడే సామగ్రి) అని ఒకే మొత్తం వేస్తే ఒప్పుకోకండి, విడగొట్టి ఇవ్వమనండి. ఎముకకు అంటించే సిమెంట్ ఎన్ని ప్యాకెట్లు, ఏ బ్రాండు అన్నది అందులోనే ఉంటుంది. ఒక మోకాలికి మామూలుగా ఒకటి, రెండు ప్యాకెట్లు వాడతారు. నాలుగు కనబడితే థియేటర్ నోట్స్‌తో సరిపోల్చి అడగండి.